నీళ్ళు రాని ఫిల్టర్

ఇది మహాకావ్యం. చాప తెచ్చుకుని స్థిమితంగా కూర్చోండి. ఇందులో రెండు పక్షాలు ఎదురెదురుగా మోహరిస్తాయి. ఒక దివ్యాస్త్రం ఉంది, దాన్ని ప్రయోగించిన వీరుడున్నాడు (నేనే), అందరూ నోళ్ళు మూసుకున్న వేళ నోరు విప్పే పితామహుడు కూడా ఉన్నాడు. మన పెద్ద కవులు కావ్యం మొదట్లో కుకవులను తిట్టేవారు కదా, ఆ ఏర్పాటు కూడా చేశాను, మా కీబోర్డు అన్నను తిడతాను.

అబద్ధం. ఇది నా బేస్ గిటారులో పెట్టుకున్న ఒక డబ్బా కథ. డబ్బా అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది. చాప అక్కర్లేదు, నిలబడి చదివినా అయిపోతుంది.

మాది మరాఠీ ఊళ్ళో తెలుగు నేతగాళ్ళ గల్లీ. పగలు నేను అశోక్ చౌక్ దగ్గర ఒక టవళ్ళ కార్ఖానాలో కంప్యూటర్ మీద నెమళ్ళు గీస్తాను. బట్టలోకి ఎక్కే నెమలికి వంపులుండవు, అన్నీ గళ్ళే, అందుకని నా నెమళ్ళు ఏ భంగిమలో ఉన్నా మెట్లు దిగుతున్నట్టే కనిపిస్తాయి. పెళ్ళిళ్ళ రోజుల్లో మా గల్లీ ఆర్కెస్ట్రాలో బేస్ వాయిస్తాను. బేస్ గిటార్ అంటే మామూలు గిటారుకు పెదనాన్న. మెడ పొడుగు, తీగలు నాలుగే, ఒక్కొక్కటి మంచం నులకంత మందం. పెదనాన్నలాగే ఓ మూల కూర్చుని లోపల్లోపల గొణుగుతుంటుంది. ఎవరూ పట్టించుకోరు గానీ, అది లేకపోతే పెళ్ళి పెళ్ళిలా ఉండదు.

ఈ చివరి మాట నా నమ్మకం మాత్రమే. ఆర్కెస్ట్రా నడిపే అన్నకు ఆ నమ్మకం లేదు. ఆయనకూ నాకూ చుట్టరికం లేదు. స్పీకర్లు ఆయనవి, అందుకని ఆయన అందరికీ అన్న. కీబోర్డు వాయిస్తాడు. ఒకరోజు కొంతం చౌక్‌లో చాయ్ తాగిస్తూ, చావు కబురు చెప్పే గొంతుతో మొదలుపెట్టాడు.

"తమ్మీ, ఒక మాట చెప్తా, దిల్ మీదికి తీస్కోకు. నిన్నటి లగ్గంల రెండు పాటలకు నువ్వు స్టేజి మీద లేవు."

"చాయ్ తాగనీకి పోయిన అన్నా."

"పోయినవ్, మంచిగనే పోయినవ్. గాని నువ్వు పోయినవని నాకు ఇయ్యాల పొద్దున వీడియో చూస్తే తెల్సింది. పాడే పిల్లకు తెల్వలే. ఢోలక్ వాయించేటోనికి తెల్వలే. జనానికి అసలే తెల్వలే."

"అంటే ఏందన్నా ఇప్పుడు?"

"ఏం లేదు. కీబోర్డ్ మీద నా ఎడమ చెయ్యి ఖాళీగనే ఉంటది. నీ పని గది చేస్తది. దానికి టెంపో బండిల జాగ గూడ అక్కర లేదు."

ఒక మనిషిని ఇంకో మనిషి కోసం తీసేస్తే అదొక గౌరవం. నన్ను ఒక ఎడమ చెయ్యి కోసం తీసేస్తున్నారు. నేను చాయ్ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను. అన్నకు జాలి వేసిందో, బిల్లు నా చేత కట్టించాలనుకున్నాడో, ఒక మెట్టు దిగాడు.

"సరే. వచ్చేటి హోట్గి రోడ్ లగ్గం దాంక చూస్తా. ఆ రోజు ఒక్కడంటే ఒక్కడు, బేస్ ఇనబడ్డదని చెప్పాలె. చెప్తే ఉంటవ్. లేకుంటే నా ఎడమ చెయ్యి."

"మా బాపు చెప్తడు."

"కాకా సాక్ష్యం చెల్లదు. ఇంటోళ్ళు గిన్తీల రారు."

మా బాపు సాక్ష్యం ఎందుకు ముఖ్యమో చెప్పాలి. ఆయన సాంచల మీద పనిచేస్తాడు. పవర్లూమును మా వాళ్ళు సాంచ అంటారు. ఆయన నేసేవి చద్దర్లు. ఆ మోతలో ఏళ్ళకేళ్ళు నిలబడ్డవాళ్ళ చెవుల్లోంచి ముందు సన్నటి చప్పుళ్ళు వెళ్ళిపోతాయి. పిట్టలు, కుక్కర్ విజిల్, ఫోను మోత, ఆడపిల్లల పాట. మందమైనవి మిగులుతాయి. లారీ, ఉరుము, మా మేనత్త. మాటల్లో కూడా అంతే, అచ్చులు వస్తాయి, హల్లులు దారిలోనే రాలిపోతాయి. అమ్మ "తాగుతవా" అని చాయ్ చూపిస్తే ఆయనకు "ఆగుతవా" అని వినబడుతుంది. ఆయన ఆగుతాడు. చాయ్ చల్లారుతుంది.

అందుకని మా ఆర్కెస్ట్రా ఎక్కడ వాయించినా బాపు వచ్చి నా వైపు స్పీకర్ ముందు కుర్చీ వేసుకుంటాడు. ఒకసారి ఎందుకని అడిగితే, "పాట రాదు బిడ్డా, నువ్వే వస్తవ్" అన్నాడు. ఇక్కడ నా కళ్ళు చెమర్చాయని రాయాలి. రాసేవాణ్ణే, కానీ ఆ స్పీకర్ పక్కనే ఎప్పుడూ కూలర్ పెడతారు. ఆయన అక్కడ కూర్చోడానికి కారణాలు రెండు. ఏది ముందో నేను అడగలేదు.

అయినా ఆ మాట లోపల ఎక్కడో ఇరుక్కుంది. అన్న ఎడమ చెయ్యి వాయించే బేస్ పలచన, నీళ్ళ మజ్జిగలా ఉంటుంది. నా స్థానంలో ఆ చెయ్యి వస్తే నాకు మెట్ల నెమళ్ళు మిగులుతాయి, బాపుకు కూలర్ మిగులుతుంది.

అందుకని ఇంటర్నెట్‌లో పడ్డాను. బేస్ వాయించేవాళ్ళ లోకం అందులో ఎంత ఉందంటే, వాళ్ళెవరికీ వాయించడానికి టైమున్నట్టు లేదు. అక్కడ దొరికింది అస్త్రం. రెజొనెంట్ లో-పాస్ ఫిల్టర్ ఉన్న ప్రీఆంప్. పేరు గూడ్సు బండంత ఉంది, ఒక్కో డబ్బా విప్పి చెప్తాను.

గిటారు తీగల చప్పుడు స్పీకర్‌కు పోయేలోపు దాన్ని పట్టుకుని సాపు చేసి పంపేది ప్రీఆంప్. మామూలు టోన్ నాబ్ తిప్పితే చప్పుడు మీద దుప్పటి కప్పినట్టు మెల్లగా మసకబారుతుంది. ఈ ఫిల్టర్ అట్లా మొహమాటపడదు. ఒక గీత గీస్తుంది. గీత కింది స్వరాలు పోవచ్చు, పైవి ఆగిపోవాలి. నాబ్ తిప్పితే ఆ గీతే పైకీ కిందికీ జరుగుతుంది. అది లో-పాస్. ఇక రెజొనెంట్ అంటే, సరిగ్గా ఆ గీత దగ్గర, ఆగిపోయే ముందు, చప్పుడు ఒకసారి ఉబ్బుతుంది. చద్దరుకు అంచు ఉన్నట్టే. బట్ట అయిపోయేది అక్కడే, రంగు గుప్పించేదీ అక్కడే. ఆ అంచు సన్నగా ఉండాలా మందంగా ఉండాలా అన్నదానికి పక్కన చిన్న స్విచ్చు ఉంటుంది.

ఇదంతా అర్థమయ్యాక ఇంకొకటి కూడా అర్థమైంది. లో-పాస్ ఫిల్టర్ మా ఇంట్లో ఇదివరకే ఒకటుంది. రోజూ పొద్దున టిఫిన్ డబ్బా పట్టుకుని కార్ఖానాకు పోతుంది.

ఆర్డరు పెట్టి, ఇంట్లో "ఫిల్టర్ తెప్పిస్తున్న" అన్నాను. తప్పంతా ఆ ఒక్క మాటతో వచ్చింది. మా దగ్గర నల్లా రోజూ రాదు. వచ్చిన రోజు ఇంట్లో ఉన్న ప్రతి గిన్నె నింపుకుంటాం, మళ్ళీ వచ్చేలోపు ఆ నీళ్ళు తమకంటూ ఒక రంగూ, ఒక వ్యక్తిత్వమూ సంపాదించుకుంటాయి. అమ్మ నాకు ఏమీ చెప్పకుండా వంటింటి గోడ మీద పల్లీల శేంగా చట్నీ డబ్బాలు తీసేసి జాగా చేసింది. గల్లీలో నాలుగిళ్ళకు చెప్పింది. పక్కింటి అత్త ఖాళీ బిందె పట్టుకుని, "ఏం వదినా, కొడుకు ప్రయోజకుడయిండు, ఫిల్టర్ వస్తుందంట" అంటూ వచ్చిన రోజే పార్సెల్ కూడా వచ్చింది. నేను విప్పాను. ఒక పచ్చ బిళ్ళ, దానికి నాలుగు రంగుల వైర్లు, ఒక నాబ్, ఒక స్విచ్చు.

అమ్మ చాలాసేపు చూసింది.

"గింతనేనా? గిండ్లకెల్లి నీళ్ళెట్ల వస్తయిరా?"

"నీళ్ళు రావమ్మా. ఇది ఆవాజ్ ఫిల్టర్. చప్పుడు వడగడ్తది."

పక్కింటి అత్త బిందెను కొంగు చాటుకు తీసుకుంది. అమ్మ మా వెనకగోడ వైపు తిరిగింది. ఆ గోడకు అవతల సందు, సందుకు అవతల బాపు పనిచేసే కార్ఖానా. ధడక్ ధడక్ మని సాంచలు నడుస్తున్నాయి.

"మరి గా ఆవాజ్‌కు పెట్టరాదు" అంది అమ్మ.

నేను పచ్చ బిళ్ళను మళ్ళీ కాగితంలో చుట్టాను.

చద్దర్లు మడిచే బల్ల మీద గిటారును బోర్లా పండబెట్టి వెనక మూత విప్పాను. పాత వైర్లు తీసి, పచ్చ బిళ్ళను, దాన్ని నడిపే సెల్లును లోపల ఇరికించి, చౌక్‌లో అరువు తెచ్చిన సోల్డరింగ్ ఐరన్‌తో అతుకులు పెట్టాను. పొగ వస్తుంటే అమ్మ గడప దగ్గర నిలబడి "బతుకుతదా?" అని అడిగింది. బతికింది. నాబ్ తిప్పితే తీగ గొంతు ఒకసారి నూతిలోంచి, ఒకసారి ముక్కులోంచి, ఒకసారి గుండెలోంచి వచ్చింది. మిగిలింది ఒకటే, ఏ గొంతు ఉంచాలి?

దానికి బాపునే పరీక్షాధికారిని చేశాను. సాంచల మధ్య నోటితో మాట్లాడేవాడు కొత్తగా చేరినవాడన్నట్టు, పాతవాళ్ళంతా చేతులతోనే మాట్లాడుకుంటారు. అందుకని బాపుతో ముందే ఒప్పందం చేసుకున్నాను. నేను సందులో, కార్ఖానా కిటికీ కింద, స్పీకర్ పెట్టుకుని వాయిస్తాను. ఆయన తన సాంచ దగ్గరి నుంచే వింటాడు. అరచెయ్యి పైకెత్తితే నాబ్ పైకి, దించితే కిందికి, పిడికిలి పడితే అక్కడే ఆపాలి. ఆయన అన్నిటికీ తలూపాడు. ఏవి విని ఊపాడో నాకు తెలియదు.

మధ్యాహ్నం సందులో కూర్చున్నాను. స్విచ్చు మందం అంచుకు పెట్టి, మూడో తీగ మీటుతూ నాబ్ తిప్పుతున్నాను. లోపల బాపు అరచెయ్యి పైకి లేచింది. పైకి తిప్పాను. దించాడు. దించాను. మళ్ళీ లేచింది, ఊగింది. ఉన్నట్టుండి పిడికిలి బిగించి గట్టిగా పట్టాడు. నేను వేలు కదపకుండా ఆగాను.

ఆ చోట తీగ మీటితే సాంచల మోతను చీల్చుకుని నా స్వరం గుమ్మని లేచింది. కిటికీ చువ్వలు ఝుమ్మన్నాయి. అమ్మ గోళ్ళరంగు సీసా తెచ్చి నాబ్ పక్కన చుక్క పెట్టాను. సైన్సుకు ఇంతకంటే ఏం కావాలి.

సాయంత్రం బాపు ఇంటికి రాగానే దగ్గరికి పోయి, గొంతు దించి, "బాపూ, మంచిగ పట్టినవ్" అన్నాను. మా ఇంట్లో బాపుతో అందరం పొట్టలోంచి, రాక్షసుల్లా మాట్లాడతాం. అరిస్తే లాభం లేదు, మందం కావాలి. కొత్తగా వచ్చిన చుట్టాలు భయపడతారు.

"ఏం పట్టిన?"

"పిడికిలి."

"ఓ, గదా. పక్క సాంచ మీద పోగులు తెగినయ్. ఆపుమని వానికి చెప్పిన."

"మరి నాకు?"

"నీకేం చెప్పలె. పని మీద ఉన్న గద."

"అరచెయ్యి గూడ లేపినవ్."

"చెమట తుడ్సుకున్న."

మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టాలనే అనుకున్నాను, కానీ గోళ్ళరంగు ఆరిపోయింది. పైగా పెళ్ళి మర్నాడే.

నేను చేసిన అసలు తెలివితక్కువ పని మాత్రం ఆ చుక్క కాదు. మా గల్లీలో పుట్టినవాడికి సాంచల మోత మోత కాదు. మేం నిశ్శబ్దం అనుకునేది దాన్నే. దాని మీద ఇంకేదైనా వస్తే అప్పుడు చప్పుడంటాం. కరెంటు పోయి సాంచలు ఆగిపోతే పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తారు, ముసలివాళ్ళు ఏమైందేమైందంటూ గడప దాకా వస్తారు. నేను ఆ నాబ్‌ను మా నిశ్శబ్దంలో కూర్చుని సరిచేశాను. హోట్గి రోడ్ పెళ్ళిళ్ళ హాలులో సాంచలుండవని నాకు తెలియక కాదు. నా చెవులకు తెలియదు.

పిల్ల తరపువాళ్ళు మా గల్లీవాళ్ళే, సాంచల మీద బతికేవాళ్ళు. పిలగాని తరపువాళ్ళదీ మా కులమే, మా యాసే, కానీ సొంత కార్ఖానాలు, బట్టల దుకాణం, హోట్గి రోడ్‌లో బంగళా. హాలు వాళ్ళ ఎంపిక. నేలంతా పాలరాయి, పైన తెల్లటి కప్పులో చిన్న చిన్న దీపాలు, ఏసి. అంత నిశ్శబ్దం నేను కరెంటు పోయినప్పుడు తప్ప ఎప్పుడూ వినలేదు. అప్పుడైనా అనుమానం రావాల్సింది. చుక్క దగ్గరికి నాబ్ తిప్పి ధైర్యంగా నిలబడ్డాను.

అక్షింతలు పడ్డాయి. భోజనాలు మొదలయ్యాయి. అన్న తలూపాడు, ఆడపిల్ల పాట ఎత్తుకుంది, నేను మూడో తీగ మీటాను.

గుమ్మ్.

భోజనాల దగ్గర పేర్చిన స్టీలు ప్లేట్లు ముందు స్పందించాయి. తరవాత ఐస్‌క్రీం పెట్టె అద్దం. తరవాత పైనున్న దీపాలు. పెళ్ళికొడుకు నుదుటి మీద బాసికం ముత్యాలు వణికాయి, అది నా స్వరం వల్లనో పెళ్ళి వల్లనో చెప్పలేను. పాడే పిల్ల వెనక్కి తిరిగి, ఎవరో కిందపడ్డారేమో అన్నట్టు చూసింది.

హాలు రెండుగా చీలిపోయింది. కుడివైపు పిలగాని తరపు ఆడవాళ్ళు చెవుల మీద చేతులు పెట్టుకున్నారు. ఎడమవైపు మా గల్లీ మగవాళ్ళు అన్నంలో చెయ్యి ఆపి, తలెత్తి, మెల్లగా ఊగడం మొదలుపెట్టారు. సాంచ దగ్గర నిలబడి ఊగే అలవాటు అది, ఎక్కడ పడితే అక్కడ వస్తుంది. పాట ఏదో వాళ్ళకు అక్కర్లేదు, ఏదో ఒకటి వాళ్ళ దాకా వచ్చింది. మా బాపు వాళ్ళ మధ్య కూర్చుని చుట్టూ చూస్తున్నాడు, వాయించేదెవరని ఎవరైనా అడిగితే నా కొడుకని చెబుదామని. ఎవరూ అడగలేదు, వాళ్ళు పప్పు కోసం చూస్తున్నారు.

పాట సగంలో పిలగాని బాబాయి స్టేజి దగ్గరికి వచ్చాడు. నాలుగు వేళ్ళకు నాలుగు ఉంగరాలు.

"ఓ ఆర్కెస్ట్రా, ఏంది ఆ ధమ్ ధమ్? ఇది లగ్గమా, గోదామా? మా ఆమెకు గుండెలు అదురుతున్నయ్."

"బంద్ చేస్తం సాబ్, ఆత్తా, ఇప్పుడే బంద్" అన్నాడు అన్న. నా వైపు తిరిగి గొంతు మార్చాడు. "తమ్మీ, దిగు."

"అన్నా, ఒక్క పాట."

"దిగుమన్న. ఒక్కడు ఇనబడ్డదని చెప్పాలె అన్న గాని, ఈడికెల్లి ఎల్లగొట్టుమని చెప్పాలె అన్ననా?"

నేను ఒక చేత్తో తీగ మీటుతూనే, రెండో చేత్తో పట్టీ భుజం మీంచి తీయబోయాను. సరిగ్గా అప్పుడే ముందు వరస సోఫాలో ఒక కదలిక. పిలగాని తాత. తెల్ల ధోతి, తెల్ల టోపీ, చెవి వెనక వినికిడి మిషన్. ఆ బంగళా, దుకాణం, నాలుగు ఉంగరాలు, అన్నీ ఆయన కట్టినవే. కట్టక ముందు ఆయనా మా బాపులాగే సాంచ మీద నిలబడినవాడేనని గల్లీలో అందరికీ తెలుసు. ఆయన చెయ్యి పైకెత్తి, చెవి మిషన్ తీసి, జేబులో వేసుకున్నాడు. తల ఒక పక్కకు వంచాడు. వేళ్ళు సోఫా చెయ్యి మీద నా తాళానికే పడుతున్నాయి.

బాబాయి పరుగెత్తాడు. "నాయినా, తక్లీఫ్ అయితుందా? బంద్ చేపిస్తున్న." తాతకు వినబడలేదు. బాబాయి ఇంకా గట్టిగా, ఇంకా సన్నగా అరిచాడు. ఇట్లాంటివి చూస్తే నాకు ఊరికే ఉండబుద్ధి కాదు. మీటడం ఆపకుండా మైకు దగ్గరికి వంగి, పొట్టలోంచి రాక్షస గొంతు తీశాను.

"తాతా, ఇనబడుతుందా?"

"ఇనబడుతుంది" అన్నాడు తాత. "మంచిగ ఇనబడుతుంది."

నేను అన్న మొహంలోకి చూశాను. అన్న కీబోర్డ్ మీదికి చూశాడు. నా బతుకులో అంత గొప్ప క్షణం అంతకు ముందు లేదు, దాని నిడివి కూడా ఎక్కువ లేదు, ఎందుకంటే తాత ఇంకా పూర్తి చేయలేదు.

"ఏ కార్ఖానాదిరా అది? దాని బేరింగ్ పోయింది."

ఎడమవైపు పంక్తిలో ఎవరికో పొలమారింది.

"నాయినా, అది సాంచ గాదు, పాట" అన్నాడు బాబాయి, ఈసారి నా దగ్గర నేర్చుకుని మందంగా.

"పాటనో గీటనో. నూనె ఎయ్యుమను. బంద్ మాత్రం చెయ్యకున్రి. లగ్గం పూట సాంచ బంద్ చేస్తరారా ఎవరన్న?"

ఆయన మాటకు ఆ ఇంట్లో ఎదురు లేదు. నేను మళ్ళీ పట్టీ వేసుకుని, నూనె వేస్తున్నట్టు గిటారు మీదికి వంగి లేచాను. దేన్నీ ముట్టుకోలేదు. మళ్ళీ అదే తీగ మీటాను.

"ఆఁ. ఇప్పుడు బరోబర్" అన్నాడు తాత. సోఫాలో వెనక్కి వాలి, టోపీ కళ్ళ మీదికి లాక్కుని, నిద్రపోయాడు.

సాంచ నడుస్తుంటే నిద్రపట్టే జాతి మాది. ఆగితేనే లేస్తాం. ఆ సంగతి బాబాయి భార్యకు, ఇందాక గుండెలు అదిరినామెకు, ఇంటి అనుభవం మీద తెలుసు. ఆమే స్టేజి దగ్గరికొచ్చి చేతులు జోడించింది.

"తమ్ముడూ, ఆపకు. లేస్తే వంటోళ్ళ కాడికెల్లి మొదలుపెట్టి అందర్ని తిడ్తడు. తినేదాంక పండనీ."

పాట అయిపోయింది. ఆర్కెస్ట్రా భోజనానికి లేచింది. నేనూ మీటడం ఆపి స్టేజి దిగబోయాను. తాత టోపీ కదిలింది. వెనక్కి వచ్చి మీటాను, టోపీ ఆగింది. ఢోలక్ వాయించేవాడు నా ముందే గులాబ్ జామ్ తింటూ పోయాడు. పాడే పిల్ల తిని, చెయ్యి కడుక్కుని, వక్కపొడి వేసుకుని వచ్చింది. ఆ మధ్య అంతా స్టేజి మీద నేనొక్కణ్ణే. నా జీవితంలో మొదటి సోలో అది, శ్రోత గురక పెడుతున్నాడు. చప్పుడు తగ్గిద్దామని నాబ్‌ను చుక్క దాటించి చూశాను. ప్లేట్లు ఊరుకున్నాయి గానీ తాత ఒక కన్ను తెరిచాడు. మళ్ళీ చుక్క దగ్గరికే తెచ్చాను. ప్లేట్లు మోగాయి, కన్ను మూతపడింది. బాపు ఒక్కడే నా కోసం ప్లేటులో పూరీలు పెట్టుకుని వచ్చి స్టేజి అంచున కూర్చున్నాడు. నేను రెండు చేతులతో వాయిస్తున్నాను కాబట్టి, కాసేపు చూసి, తనే తినేశాడు.

సామాను ఎక్కించి టెంపోలో తిరిగొస్తుంటే తగువు మొదలైంది.

"అన్నా, ఒక్కడు చెప్పాలె అన్నవ్. చెప్పిండు."

"ఆయన చెప్పింది సాంచ ఇనబడ్డదని."

"ఇన్నది నన్ను. అనుకున్నది సాంచ. అనుకున్నదానికి నాదేం పూచీ?"

"బేరింగ్ పోయిందన్నడురా. అది తారీఫా, మెచ్చుకునుడా?"

"మంచిగ ఇనబడుతుంది అని గూడ అన్నడు. రెండూ అన్నడు. నువ్వు ఇనబడాలె అన్నవ్ గాని, తారీఫ్ చెయ్యాలె అన్లే."

అన్న వాదన ఆపి, స్పీకర్ మీద కూర్చున్న మా బాపు వైపు తిరిగాడు. సాక్ష్యం చెల్లదన్న మనిషే, గొంతు దించి అడిగాడు. "కాకా, నీకెట్ల అనిపించింది?"

బాపు ఆలోచించాడు. "ఇయ్యాల కూలర్ లేకుండె. ఏడ కూసున్నా ఇనబడ్డడు."

నేను ఏదో ఒక జోకు వేద్దామని చూశాను, దొరకలేదు. జోకు లేకుండా ఇంకొంచెం సాగితే ఈ రచన పాడైపోయేది. అదృష్టవశాత్తూ అన్న ఫోను మోగింది. ఆయన స్పీకర్ ఆన్ చేశాడు. పిలగాని బాబాయి.

"అరే భాయ్, మా నాయిన ఇంటికొచ్చినంక ఒకటే తిరుగుతుండు. కార్ఖానా ఎందుకు బంద్ పెట్టిండ్రని అడుగుతుండు. రేపు ఇంట్ల రిసెప్షన్ ఉంది. పాటలోళ్ళు ఎంతమంది వస్తరో నీ ఇష్టం గాని, ఆ మిషనోడు వస్తడా?"

అన్న నన్ను చూశాడు. తన ఎడమ చేతిని చూసుకున్నాడు. దాన్ని తిరగేసి కూడా చూశాడు.

"వస్తడు సాబ్" అన్నాడు.

ఆ విధంగా ఆర్కెస్ట్రాలో నా స్థానం నిలబడింది. అప్పట్నుంచి నన్ను మిషనోడు అనే అంటున్నారు. సంగీతం ఇందులో ఎక్కడ ఉందో నన్నడక్కండి. మర్నాడు సామాను ఎత్తడానికి పోతే అన్న శుభాకాంక్షలేవో చెప్తాడనుకున్నాను. ఆయన గిటారు చూపించి ఒక్కటే చెప్పాడు.

"గా డబ్బల తొమ్మిది వోల్టుల సెల్లు ఉంది గదా. ప్రోగ్రాం అయినంక గిటారుకెల్లి వైరు గుంజెయ్. పెట్టి మర్సిపోతే ఊకెనే దిగిపోతది."

నిజమే. ఆ ప్రీఆంప్‌కు ఆపే స్విచ్చంటూ వేరే ఉండదు, వైరు గుచ్చి ఉన్నంతసేపు, వాయించినా వాయించకపోయినా, సెల్లు ఖర్చవుతూనే ఉంటుంది. మార్చాలంటే వెనక మూత స్క్రూలన్నీ విప్పాలి.